వెంట్రుకవాసి

ఆ రాత్రి నాకు పన్ను నొప్పి.
ముందు ఈ సంగతి చెప్పాలి.
బుడాపెస్ట్ ఆడవాళ్ళ ముఖాల మీద తర్వాత జరిగినదానికి
అదే మూలం గనక.

రోజ్‌నాయ్ గారి స్టూడియోలో, మూడో అంతస్తులో,
గాజు నెగటివులు దిద్దడం నా కొలువు.
సూదిలా చెక్కిన పెన్సిలు, సన్నని చాకు,
గాజు వెనక ఒక బల్బు.
నెగటివులో అందరూ ముసలివాళ్ళే.
పద్దెనిమిదేళ్ళ పిల్లకైనా నెరిసిన జుట్టు,
నవ్వితే గారపట్టిన నల్లటి పళ్ళు.
నలుపు పూస్తే అచ్చులో తెలుపవుతుంది,
గీకితే నలుపు.
చాకలి పనే నాది,
కాకపోతే మసితో ఉతుకుతాను.

హర్మత్ లీవియా బొమ్మ ఆ రాత్రే వచ్చింది,
తెల్లారేసరికి పత్రికకు వెళ్ళాలి.
వెల్వెట్ గౌను, నడుందాకా ఖాళీ వీపు,
భుజంమీంచి వెనక్కి ఒక చూపు.
ఆ చూపుకు మూడు వందల పెంగోలట,
అంటే నా మూడు నెలల జీతం.
ఎడమ కనుబొమ్మ పక్కన ఆవగింజంత పుట్టుమచ్చ.
"ఇది ఉండకూడదు" అని చీటీ.

బుగ్గలో లవంగం పెట్టుకుని
ఆవగింజ మీద పెన్సిలు ఆనించాను.
దవడ సలిపింది.
చెయ్యి జారి
కనుబొమ్మ సగం మాయం.

ఏం చెయ్యను?
రెండోదీ చెరిపేశాను, జోడు కుదరాలిగా.
ఆపైన ఊపిరి బిగబట్టి చాకుమొనతో
ఎక్కడో పైన, వెంట్రుక మొలవని చోట
రెండు గీతలు గీకాను.
ఎవరో తలుపు తడితే ఉలిక్కిపడ్డట్టుండే వంపు.
కొలువు ఊడిందనుకుని ఇంటికెళ్ళి
చెంపకు వేడి ఉప్పుమూట కట్టుకు పడుకున్నాను.

పత్రిక వచ్చింది.
శుక్రవారం ట్రాములో ఒకామె.
మర్నాడు సినిమా హాలు గుమ్మంలో టికెట్లు చింపే పిల్ల,
బేకరీవాడి భార్య,
పోస్టాఫీసు కిటికీ వెనక ఇద్దరు.
చెస్ట్‌నట్లు కాల్చి అమ్మే ముసలామె కూడా
బొగ్గుతో గీసుకుంది, నవ్వులాటకేమో.
ఊరు ఊరంతా నన్ను చూసి ఉలిక్కిపడుతున్నట్టు!
ఈ తీరు పారిస్ నుంచి దిగిందని ఎవరో రాశారు.
పారిస్ కాదయ్యా,
కింది దవడ, కుడివైపు మూడోది.

నవంబరులో లీవియాయే మెట్లెక్కి వచ్చింది,
భుజాన నక్క తోలు, దాని ముక్కు మీద కరుగుతున్న మంచు.
టోపీ తీసింది.
నా గీతలు రెండూ ఆమె నుదుటి మీద.
ఉన్నవి పీకేసి, లేనివి గీసుకుని,
నా తప్పుకు తన ముఖాన్ని సరిదిద్దుకుని వచ్చింది.
పుట్టుమచ్చ మాత్రం అక్కడే ఉంది, దిక్కులేనట్టు.
రోజ్‌నాయ్ గారు అటు తిరగ్గానే గొంతు తగ్గించి,
"రెండు పక్కలా ఒక్కలా రావడం లేదు,
నువ్వెలా గీశావు?" అంది.
వేళ్ళు పట్టుకుని చూపించాను.
చల్లటి చెయ్యి, గోళ్ళు కొరుక్కునే చెయ్యి.
ఫోటోల్లో ఆ గోళ్ళు కూడా నావే.

పన్ను ఎప్పుడో పీకించుకున్నాను.
దట్టమైన కనుబొమ్మలు వచ్చాయిప్పుడు,
లీవియా మాట ఎవరూ ఎత్తడం లేదు.
కొత్త పిల్లలకు వెంట్రుకలు అతికిస్తున్నాను,
ఒక్కొక్కటీ, చాకుతో.

మా చెల్లెలు గిజి,
గ్లోవుల ఫ్యాక్టరీలో బొటనవేళ్ళు మాత్రమే కుట్టే గిజి,
అప్పట్లో మొదటి వారమే పీకేసుకుంది.
నేనైనా చెప్పి ఉండాల్సింది.
చెప్పలేదు.
కాస్త గర్వంగా ఉండేది.
అవి మళ్ళీ మొలవలేదు.

పొద్దున్నే కిటికీకి అద్దం ఆనించి,
నాలుక చివర పెన్సిలు తడుపుకుని
ఒకటి గీసుకుంటుంది.
"అక్కా, రెండోది నువ్వు వెయ్యి."
చేతులు కడుక్కుని వస్తాను.
గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పి,
కదలకు, అంటాను.